సాడిల్‌డోమ్‌లో ఆయిలర్స్ మ్యాచ్: కూల్చేసేలోపు ఒక్కసారి పై వరుసలో కూర్చోండి

ముందే చెప్పేస్తున్నా, ఇది ఐస్ హాకీ బాగా తెలిసినవాడు రాస్తున్న రివ్యూ కాదు. కెనడాలోని కాల్గరీ వచ్చి ఆరేళ్ళయింది, టీవీలో పక్ అనే ఆ నల్ల బిళ్ళ ఎక్కడుందో నాకు ఇప్పటికీ కనపడదు. ఎర్రదీపం వెలిగాక రీప్లే చూసి "ఓహో, గోలా" అనుకునే రకాన్ని. ఆఫీసులో ఎవరో ఇచ్చిన టికెట్లతో రెండు మామూలు మ్యాచ్‌లు చూశాను, చలిగా ఉంది, బాగానే ఉంది, ఇంటికొచ్చేశాను. అలాంటివాణ్ని పట్టుకుని ఎడ్మంటన్‌లో ఉండే మా బావమరిది "బావా, ఆ సాడిల్‌డోమ్ స్టేడియం కూల్చేసేలోపు ఫ్లేమ్స్ ఆయిలర్స్ మ్యాచ్ ఒకటి చూసేద్దాం, తర్వాత నన్ను అనొద్దు" అంటూ మూడు గంటలు కారు నడుపుకుని వచ్చేశాడు. నిండా ఆరెంజ్ జెర్సీ, అంటే వాళ్ళ ఊరి జట్టు ఆయిలర్స్ రంగు. మా ఊరి ఫ్లేమ్స్‌ది ఎరుపు. కాల్గరీలో, మ్యాచ్ రోజున. మా ఆవిడ వాణ్ని చూసి "నువ్వు ఆ చొక్కాతో వెళ్తే మీ బావని కూడా కొడతారురా" అంది.

ఆ రెండు మ్యాచ్‌లకీ దీనికీ నక్కకీ నాగలోకానికీ ఉన్నంత తేడా. అందుకే కూర్చుని ఇదంతా రాస్తున్నా.

ముందు టికెట్ల సంగతి. ఆయిలర్స్ వస్తున్నారంటే ధర మామూలు మ్యాచ్‌లా ఉండదు. అసలు సైటులో మంచి సీట్లు అయిపోయాయి, కొన్న టికెట్లు తిరిగి అమ్ముకునే సైటు ఒకటి పట్టుకున్నాం. పేరెందుకులెండి. మొదటి పేజీలో ఒక ధర, కార్డు నంబరు కొట్టాక ఇంకో ధర, ఫీజు మీద ఫీజు. ఇంతా చేసి "పక్కపక్క సీట్లు" అని అమ్మినవి తీరా వెళ్ళి చూస్తే ముందొకటి వెనకొకటి. వాడు నా నెత్తి మీద, నేను వాడి మోకాళ్ళ ముందు. నా పక్క సీట్లో ఎర్ర జెర్సీ వేసుకున్న ఒక పెద్దావిడ, డెబ్భై పైనే ఉంటాయి. కాస్త వెనక్కి మారతారా అని మర్యాదగా అడిగాను. వెనక్కి తిరిగి మావాణ్ని పైనుంచి కిందిదాకా చూసి, మారను, ఆ రంగుని నా పక్కన కూర్చోనివ్వను అంది. నవ్వుతూనే అంది గానీ మారలేదు. మూడు పీరియడ్లూ వాడు నా చెవిలోనే అరిచాడు.

అయితే ఆవిడ మారకపోవడమే మంచిదైంది. నాకు ఆ రాత్రి అర్థమైనదంతా సగం ఆవిడ పుణ్యమే.

అసలు ఈ రెండు ఊళ్ళకీ పచ్చగడ్డి వేస్తే భగ్గుమనడం హాకీతో మొదలవలేదు. కాల్గరీకి రైలు 1883లోనే వచ్చింది, ఎడ్మంటన్‌ని ఆ పెద్ద లైను పక్కన పెట్టి పోయింది. 1905లో ఈ రెండు ఊళ్ళూ ఉన్న ఆల్బెర్టా రాష్ట్రమయ్యాక రాజధాని ఎడ్మంటన్‌కి పోయింది, ఆ తర్వాత యూనివర్సిటీ కూడా అక్కడికే. రాజధాని ఎక్కడ పెట్టాలన్న గొడవ ఎన్నేళ్ళు రగులుతుందో మనకి ఒకరు చెప్పాలా. ఇప్పటికీ ఆయిల్ కంపెనీల హెడ్డాఫీసులు ఇక్కడ, ప్రభుత్వమూ రిఫైనరీలూ అక్కడ. వీళ్ళని వాళ్ళు కోటుబూట్ల దొరలంటారు, వాళ్ళని వీళ్ళు ఇంకేదో అంటారు, అది రాయను. మధ్యలో మూడొందల కిలోమీటర్ల హైవే. సరిగ్గా సగంలో రెడ్ డీర్ అనే ఊరు, అక్కడ ఒకే ఇంట్లో అన్నది ఒక జట్టు, తమ్ముడిది ఒక జట్టు.

ఈ ఎండుగడ్డిలోకి 1980లో ఫ్లేమ్స్ వచ్చిపడ్డారు. అట్లాంటా నుంచి కొనుక్కొచ్చిన జట్టు అది. అమెరికా అంతర్యుద్ధంలో అట్లాంటా తగలబడిందే, ఆ మంటల పేరు జట్టుతో పాటే ఇక్కడికి వచ్చింది. ఎన్‌హెచ్ఎల్ అనే పెద్ద హాకీ లీగ్‌లోకి ఆయిలర్స్ ఒక ఏడాది ముందే, 1979లో వచ్చారు, మహా ఆటగాడు వేన్ గ్రెట్జ్‌కీతో సహా. ఆ తర్వాత జరిగింది వింటే నమ్మబుద్ధి కాదు. 1983 నుంచి 1990 దాకా వరసగా ఎనిమిదేళ్ళు ఆ లీగ్ ట్రోఫీ స్టాన్లీ కప్ ఫైనల్‌లో ఈ రెండింటిలో ఒకటి ఉంది. ఆయిలర్స్ ఐదు కప్పులు ఎత్తుకుపోయారు, మనవాళ్ళకి 1989లో ఒక్కటి. ("మనవాళ్ళు" అని ఎప్పటినుంచి అనడం మొదలుపెట్టానో నాకే తెలీదు.) ఇంకో మాట, ఈ సాడిల్‌డోమ్ 1983 అక్టోబరు 15న తెరిచిన రోజు మొదటి మ్యాచ్ ఎవరితోననుకున్నారు? ఆయిలర్స్‌తోనే. 4-3 తేడాతో ఓడిపోయారు. గృహప్రవేశం నాడే పాలు నేలపాలు.

పక్కనావిడకి 1989 కప్పు కంటే 1986 ఎక్కువ ఇష్టమట. కప్పు కోసం ఆడే ప్లేఆఫ్స్ సిరీస్‌లో ఆఖరిదైన ఏడో మ్యాచ్, ఎడ్మంటన్‌లో, స్కోరు సమానం, మూడో పీరియడ్. ఆయిలర్స్ కుర్రాడు స్టీవ్ స్మిత్ తన గోల్ వెనక నుంచి పక్‌ని బయటికి పంపబోతే అది సొంత గోలీ (గోల్‌కీపర్) గ్రాంట్ ఫ్యూర్ కాలికి తగిలి లోపలికి పోయింది. ఫ్లేమ్స్ గెలిచారు, ఆయిలర్స్ ఇంటికి. ఆ రోజు స్మిత్‌కి ఇరవై మూడో పుట్టినరోజు, పాపం మంచు మీదే పడిపోయి ఏడ్చాడు. ఆవిడ ఇది చెప్తుంటే వెనకనుంచి మావాడు "ఎవరైనా నలభయ్యేళ్ళ కిందటి సెల్ఫ్ గోల్ గురించి ఇంత సంబరపడతారా బావా" అన్నాడు తెలుగులో. ఏమన్నాడని ఆవిడ అడిగింది. అదే స్మిత్ తర్వాత రోజుల్లో ఫ్లేమ్స్‌కే ఆడి కెప్టెన్ కూడా అయ్యాడు. ఈ గొడవలో నాకు బాగా నచ్చింది ఇదే, సంబంధాలన్నీ కలగాపులగం. కాల్గరీ నెత్తిన పెట్టుకున్న ఫ్లేమ్స్ ఆటగాడు జరోమ్ ఇగిన్‌లా పుట్టింది ఎడ్మంటన్‌లో. అతని 12వ నంబరు సాడిల్‌డోమ్ పైకప్పు నుంచి వేలాడుతోంది, దాని కిందే కూర్చుని జనం ఎడ్మంటన్‌ని తిడుతుంటారు.

తిట్టడమంటే గుర్తొచ్చింది. ఆయిలర్స్ స్టార్ కానర్ మెక్‌డేవిడ్ కర్రకి పక్ తగిలితే చాలు, బిల్డింగ్ మొత్తం "బూ" అంటుంది. పక్ వదిలేయగానే ఆగిపోతుంది, మళ్ళీ తగిలితే మళ్ళీ. స్విచ్ వేసి ఆపినట్టు. పక్ కనపడని నాలాంటివాడికి ఇంతకంటే సదుపాయం ఏముంటుంది, చెవులతోనే ఆట తెలిసిపోతోంది. ఇంకో సంగతి, పక్కనావిడ అందరికంటే గట్టిగా బూ అని, అతను ఇద్దర్ని తప్పించుకుని వంపు తిరిగినప్పుడు మాత్రం నోట్లోనే "అబ్బ" అన్నట్టు ఒక శబ్దం చేసింది. నేను చూశాను. చూశానని ఆవిడకీ తెలుసు.

జనం సంగతి. చుట్టూ ఎరుపు, దీన్ని ఇక్కడ సీ ఆఫ్ రెడ్ అంటారు. మధ్య మధ్య నీలం, ఆరెంజ్ ముక్కలు, తక్కువేం కాదు. వాళ్ళు "లెట్స్ గో ఆయిలర్స్" మొదలుపెట్టగానే వీళ్ళు దాన్ని ముంచేసేలా "గో ఫ్లేమ్స్ గో". బెనిఫిట్ షోలో ఇద్దరు హీరోల ఫ్యాన్స్‌ని ఒకే హాల్లో కూర్చోబెడితే ఎలా ఉంటుందో అలా ఉంది, కాకపోతే కాగితాలు చల్లడం లేదు. ఫ్లేమ్స్ గోల్ కొడితే పైనుంచి నిజం మంటలు వదులుతారు. పై వరుసల్లో కూర్చున్నవాళ్ళ ముఖానికి సెగ తగులుతుంది. బయట మైనస్ ఇరవై, లోపల పొయ్యి దగ్గర కూర్చున్నట్టు ఒక్క క్షణం. కింద ఖరీదైన సీట్లలో వాళ్ళకి ఈ భాగ్యం ఇంతలా ఉండదనుకుంటా. ఒక్కమాట, పై నుంచి ఎవరు ఎటు జరుగుతున్నారో పటంలా తెలుస్తుంది. మొదటిసారి వెళ్ళేవాళ్ళు కింద సీటుకి డబ్బు తగలేయకండి. మెట్లు మాత్రం నిటారుగా ఉంటాయి, మోకాళ్ళ నొప్పులున్న అమ్మానాన్నల్ని తీసుకెళ్ళేవాళ్ళు ఆలోచించుకోండి.

బిల్డింగ్ గురించి. బయటినుంచి గుర్రం జీనులా వంగిన ఆ పైకప్పు నాకు ఈ ఊళ్ళో అన్నిటికంటే ఇష్టం. 1988 వింటర్ ఒలింపిక్స్ కోసం కట్టింది, హాకీకి 19,289 మంది పడతారు. 2013 వరదలో కింది సీట్లు నీళ్ళలో మునిగితే సెప్టెంబరుకల్లా మళ్ళీ నిలబెట్టారు. అయితే లోపల వరండాలు ఆ కాలపు కొలతలవి, ఇంతమంది ఒకేసారి లేస్తే ఇరుకే. పైకప్పు నుంచి ఎక్కువ బరువు వేలాడదీయడం కుదరదు కాబట్టి పెద్ద పెద్ద కచేరీలు ఈ ఊరిని దాటేసి పోతాయి. ఎక్కడికో చెప్పాలా, ఎడ్మంటన్‌కి. అక్కడ 2016లోనే కొత్త స్టేడియం రోజర్స్ ప్లేస్ కట్టేసుకున్నారు. ఇక్కడ కొత్త స్టేడియం స్కోషియా ప్లేస్ పని 2024లో మొదలైంది, 2027లో తెరుస్తామంటున్నారు. అప్పుడు ఈ జీను పోతుంది.

ఇంక కొట్లాటలు. కొట్టుకుంటే ఐదు నిమిషాలు పెనాల్టీ బాక్సులో కూర్చోవాలి, అంతే, అదొక రూలు. ఇద్దరూ చేతి తొడుగులు విసిరేస్తారు, రిఫరీలు కాసేపు చోద్యం చూసి ఎవరో ఒకరు కిందపడ్డాక విడదీస్తారు. ఈ రెండు జట్ల మధ్య 2020 ఫిబ్రవరిలో ఇక్కడే ఏకంగా గోలీలిద్దరూ కొట్టుకున్నారు. ఆయిలర్స్ గోలీ అంతకుముందు ఏడాది ఫ్లేమ్స్‌కి ఆడినవాడు, ఫ్లేమ్స్ గోలీ అంతకుముందు ఆయిలర్స్‌కి ఆడినవాడు. వియ్యంకుల గొడవ లెక్క. 2003లో అయితే ఫ్లేమ్స్ మస్కట్, కుక్క వేషంలో ఉండే హార్వే గాజుగోడ మీదనుంచి వంగి వెక్కిరిస్తుంటే, ఆయిలర్స్ కోచ్ క్రెయిగ్ మాక్‌టావిష్ దాని నాలుక పీకి జనంలోకి విసిరేశాడు. ఆ నాలుకకి అవతలి ఊళ్ళో ఇప్పటికీ పేరుంది. నేను చూసిన రోజు ఒక్క కొట్లాటే, అదీ పది సెకన్లు. నాకు నచ్చలేదు. ఎదుట వరుసలో ఎనిమిదేళ్ళ పిల్లాడు లేచి నిలబడి అరుస్తున్నాడు, వాళ్ళ నాన్న వీడియో తీస్తున్నాడు. పిల్లల్ని తీసుకెళ్తే దీనికీ, మూడో పీరియడ్‌లో బీరు ఎక్కినవాళ్ళ నోటికీ సిద్ధపడి తీసుకెళ్ళండి. మాకు మాత్రం ఎవరూ అడ్డం రాలేదు. మావాడి జెర్సీకి దారి పొడవునా సెటైర్లు పడ్డాయి, ఒకాయన "పార్కింగ్ అటు, ఎడ్మంటన్ ఇంకా అటు" అని చెయ్యి చూపించాడు, అంతే.

మిగతావి గబగబా. కారులో వెళ్ళకండి, మేం దగ్గర్లో ఒక ప్రైవేట్ స్థలంలో పెట్టి బయటపడటానికి ముప్పావుగంట పట్టింది. సీ-ట్రైన్ రెడ్ లైన్లో విక్టోరియా పార్క్ స్టేషన్లో దిగితే నడిచే దూరమే. శాకాహారులు పూటీన్ (ఫ్రైస్ మీద చీజ్, గ్రేవీ పోసేది) కొనేముందు గ్రేవీలో ఏముందో అడగండి, అది చాలాచోట్ల మాంసం రసంతో చేస్తారు. ఇంట్లో తిని వెళ్ళడం ఉత్తమం. ఇరవయ్యేసి నిమిషాల పీరియడ్లు మూడు, మధ్యలో విరామాలు, మొత్తం రెండున్నర గంటల పని. రూల్స్ ముందు తెలుసుకోవాలంటే పంజాబీ వచ్చినవాళ్ళకి హాయి. ఆల్బెర్టాలోనే పుట్టిన హర్నారాయణ్ సింగ్ లాంటివాళ్ళు 2008 నుంచి హాకీ కామెంటరీ పంజాబీలో చెప్తున్నారు. మా బావమరిదికి పంజాబీ ముక్క రాదు, అయినా అదే పెట్టుకుని చూస్తాడు, ఇంగ్లీషు కంటే ఊపు ఉంటుందట. తెలుగులో ఎప్పుడొస్తుందో.

స్కోరు రాయను. మావాడు నా చెవిలో చేసిన గోలని బట్టి మీరే ఊహించుకోండి. వెళ్ళేటప్పుడు పక్కనావిడ వాడికి చెయ్యి ఇచ్చి, ప్లేఆఫ్స్‌లో చూసుకుందాం అంది. 2022లో ఈ రెండు జట్లూ 1991 తర్వాత మొదటిసారి ప్లేఆఫ్స్‌లో తలపడ్డాయి, మొదటి మ్యాచ్ 9-6 తేడాతో ఫ్లేమ్స్ గెలిచి, తర్వాత నాలుగూ ఓడారు. అది వాడు ఆవిడకి గుర్తుచేయలేదు. పెద్దల దగ్గర ఆ మాత్రం మర్యాద ఉంది వాడికి.

మార్కులు: ఆటకీ జనానికీ ఐదుకి ఐదు, బిల్డింగ్‌కి మూడున్నర, ఆ టికెట్ల సైటుకి సున్నా.

ఒకటి మర్చిపోయా. ఎవరైనా మూడు గోల్స్ కొడితే జనం టోపీలు మంచు మీదికి విసురుతారు, అవి తిరిగి రావు. మెక్‌డేవిడ్ మీద నమ్మకంతో మావాడు విసరడానికే ఒక పాత ఆయిలర్స్ టోపీ తెచ్చుకున్నాడు. హ్యాట్రిక్ పడలేదు, టోపీ మా ఇంట్లోనే మర్చిపోయి వెళ్ళాడు. మర్నాడు పొద్దున మంచు తోడటానికి బయటికెళ్ళబోతే నా టోపీ ఎక్కడా కనపడలేదు, చెవులు పడిపోయే చలి, చేతికి అందిందే పెట్టుకుని వెళ్ళాను. పక్కింటాయన కారు వెనక్కి తీస్తూ ఆపి, అద్దం దించి, ఏమీ మాట్లాడకుండా బొటనవేలు కిందికి చూపించి వెళ్ళిపోయాడు. ఆరేళ్ళలో ఆయన నన్ను పలకరించడం ఇదే మొదటిసారి.