రేసింగ్ కాటమరాన్‌కి బ్యాగుల సెట్టు కుట్టిస్తున్నారా? మిగతా సగం డబ్బు కట్టేముందు ఇది చదవండి

ఫార్ములా 18 అనే రేసింగ్ తరగతి కాటమరాన్‌కి (రెండు పొట్టలు కలిపి కట్టిన తెరచాప బోటుకి) "మీ కొలతలకు కుట్టి ఇస్తాం, అంతా మెరైన్ గ్రేడే" అంటూ ఆన్‌లైన్‌లో అమ్ముతున్న బ్యాగుల సెట్టు గురించి ఈ హెచ్చరిక. సెట్టులో నాలుగు వస్తాయి: హాలియార్డ్ (తెరచాప ఎత్తే తాడు) మిగులు వేసుకునే సంచి, బోటు బోల్తాపడితే లేపే తాడుకు సంచి, ట్రాంపొలిన్ (రెండు పొట్టల మధ్య బిగించిన వల లాంటి గుడ్డ) మీద కట్టే సామాన్ల బ్యాగు, డాగర్‌బోర్డుల (బోటు పక్కకు జారకుండా నీళ్లలోకి దించే పలకల) కవరు. సగం అడ్వాన్సు, సరుకు పంపేముందు మిగతా సగం. తీరా చేతికొచ్చాక చూస్తే గుడ్డ తప్ప ఏదీ ఉప్పునీటికి పనికొచ్చేది కాదు. అమ్మినవాళ్ల పేరు ఇక్కడ రాయడం లేదు. ఇదే పనితనం రేపు ఇంకో పేరుతో వస్తుంది, కాబట్టి సరుకును గుర్తుపట్టడమే ముఖ్యం.

మొదటి దెబ్బ దారం దగ్గర. గుడ్డ పీవీసీ పూత ఉన్న పాలిస్టర్, బాగానే ఉంది. ఫొటోలో కనపడేది అదే కాబట్టి అక్కడ కక్కుర్తి పడలేదు. కుట్టింది మాత్రం నైలాన్ దారంతో. నైలాన్ కొత్తలో గట్టిగానే ఉంటుంది, లాగితే తెగదు, అందుకే కొనేవాళ్లకు అనుమానం రాదు. ఎండ తగిలితే మాత్రం పాలిస్టర్ కంటే చాలా ముందే పెళుసెక్కుతుంది, ట్రాంపొలిన్ మీద నీడ ఎక్కడిది? గుడ్డ చెక్కుచెదరదు, కుట్టు మాత్రం గోటితో గీరితే ఊడొస్తుంది. కావలసింది బాండెడ్ (పైన జిగురు పూత ఉన్న) పాలిస్టర్ దారం: మామూలు అతుకులకు వి-92, నవారు పట్టీలు కుట్టేచోట వి-138 (ఇవి దారం మందం నంబర్లు).

నైలాన్, పాలిస్టర్ కంటికి ఒకేలా ఉంటాయి, నిప్పు అంటిస్తే రెండూ కరుగుతాయి. తేల్చేది ఉప్పునీళ్లు. 100 మి.లీ. నీళ్లలో 36 గ్రాముల దాకా ఉప్పు పడుతుంది. ఇక కరగదు అనేవరకు కలిపి తేటపడనివ్వండి. గిన్నెలు తోమే సబ్బు ఒక చుక్క వేసి, దారం ముక్కను అందులో వేళ్లతో నలిపి గాలిబుడగలు పోయాక వదలండి. ఆ ఉప్పునీళ్ల సాంద్రత సుమారు 1.2. నైలాన్‌ది 1.14, తేలుతుంది. పాలిస్టర్‌ది 1.38, మునుగుతుంది. నవారు పట్టీకైతే మామూలు నీళ్లే చాలు. తేలిందంటే పాలిప్రొపిలీన్. యూవీ రక్షణ కలపని పాలిప్రొపిలీన్ ఎండకు నైలాన్ కంటే ముందే పోతుంది.

కుట్టు కూడా లెక్కపెట్టండి. అంగుళానికి 6 నుంచి 8 ఉండాలి, ఈ సెట్టులో 12 దాటాయి. దగ్గరగా కుడితే గట్టిదన్నది చొక్కాలు కుట్టే అలవాటు. పూత ఉన్న గుడ్డలో సూది చేసిన రంధ్రం మూసుకోదు. తపాలా బిళ్ల అంచులా చిల్లుల వరస పడి, బరువు పడగానే సరిగ్గా ఆ గీత వెంటే చిరుగుతుంది. 25 మి.మీ. పట్టీ కుట్టేచోట చదరం, దాని మధ్యలో ఇంటూ గుర్తు కుట్టు ఉండాలి. వీళ్లు అడ్డంగా రెండు గీతలు లాగి వదిలేశారు.

జిప్పు 5 నంబరు కాయిల్ (తీగ చుట్టలా ఉండే పళ్లు), రన్నర్ రంగేసిన లోహం. పళ్ల మధ్య ఉప్పు గట్టిపడుతుంది, రంగు పెచ్చులూడి రన్నర్ బిగుసుకుంటుంది. 10 నంబరు మోల్డెడ్ ప్లాస్టిక్ పళ్ల జిప్పు, ప్లాస్టిక్ రన్నర్ అడగండి. రన్నర్ వెనక నంబరు ఉంటుంది, దాన్ని ఫొటో తీసి పంపమనండి. ఐలెట్లకు (తాడు దూర్చే రంధ్రాల చుట్టూ ఉండే లోహపు రింగులకు) అయస్కాంతం పెట్టి చూడండి. గట్టిగా అతుక్కుంటే అది నికెల్ పూత పూసిన ఇనుము, తుప్పు పట్టి గుడ్డను కూడా తినేస్తుంది. ఇత్తడి అతుక్కోదు. నిజానికి బరువు మోసేచోట ఐలెట్టే వద్దు, పట్టీని మడిచి కుట్టిన లూపే మేలు. అయితే ఆ లూపు గురించి ఇంకో మాట ఉంది, కింద చెబుతాం.

సామాన్ల బ్యాగు అడుగున నీరు పోయే దారి లేదు. రెండు చిన్న ఐలెట్లు పెట్టారు, అవీ అడుగున కాదు, పక్కన. ఫార్ములా 18 క్లాసు కనీస బరువు 180 కిలోలు. ఒక అల ఎక్కి 15 లీటర్లు బ్యాగులో నిలిస్తే 15 కిలోలు అదనం, అదీ ట్రాంపొలిన్ మధ్యలో అటూ ఇటూ ఊగుతూ. అడుగు మొత్తం పీవీసీ పూత మెష్ ఉండాలి, దాని అంచుకు టేపు గోటు వేయాలి, లేకపోతే మెష్ పోగులు జారి ఊడుతుంది. మూత వెనక్కి తెరుచుకోవాలి. ముందుకు తెరిస్తే వచ్చే ప్రతి నీటి దెబ్బా నేరుగా లోపలికే. ఫోను, ఫ్లేర్లు (ఆపదలో వెలిగించే సంకేతపు మంటలు) దీన్ని నమ్మి పెట్టొద్దు, వాటికి వేరే డ్రై బ్యాగు (నీరు చొరని సంచి) ఉండాలి.

ఇక అసలు ప్రమాదం. లేపే తాడు సంచికి వెల్క్రో మూత పెట్టి, మూతికి 10 సెం.మీ. పొడవు పట్టీ లూపులు రెండు వదిలారు, పట్టుకోవడానికట. బోటు పక్కకు ఒరిగినప్పుడు ట్రాంపొలిన్ గోడలా నిలబడుతుంది, సంచి మూతి ఎటు ఉందన్నది అప్పుడు తెలుస్తుంది. తాడు నీళ్లలో ఉన్నవాడి చేతికి అందాలి, అలాగని దానంతటది జారిపోకూడదు. ఆ వదులు లూపులకు ట్రపీజ్ హుక్ (బోటు బయటికి వేలాడటానికి నడుము పట్టీకి ఉండే కొక్కెం) తగులుకుంటే? బోటు పూర్తిగా తలకిందులైతే మనిషి ట్రాంపొలిన్ కింద ఇరుక్కుంటాడు. లూపు ఏదైనా గుడ్డకు ఆనుకుని చదునుగా, తాడు మాత్రమే దూరేంత ఉండాలి. సెట్టు వాపసు చేసినా చేయకపోయినా, ఈ రెండు లూపులను ఫొటో తీసుకుని ఇవాళే కోసేయండి.

డాగర్‌బోర్డు కవరులో మామూలు స్పాంజి వాడారు. ముక్క కోసి నీళ్లలో పిసికితే పీల్చేస్తుంది. తడి బోర్డు దాంట్లో పెడితే ఉప్పునీటిలో నానబెట్టినట్టే. 5 మి.మీ. ఈవీఏ ఫోమ్ చాలు.

కొలతల్లో తప్పు కొన్నిసార్లు మనదే అవుతుంది. ట్రాంపొలిన్ తాళ్లు రేసుకు బిగించినట్టు బిగించాకే కొలవండి. బ్యాగు నాలుగు వైపులా బిర్రుగా కట్టేలా కాకుండా ఒకవైపు షాక్ కార్డ్ (సాగే రబ్బరు తాడు) పెట్టించండి.

మన ఊళ్లో కుట్టించుకోవచ్చా? హుస్సేన్ సాగర్‌లో తిరిగేవి చాలావరకు చిన్న డింగీలే (ఒకే పొట్ట ఉన్న తెరచాప పడవలే) అయినా ఈ పని కొత్తదేం కాదు. బట్టల టైలరు దగ్గరికి కాదు, లారీ టార్పాలిన్లు, కారు సీట్ కవర్లు కుట్టేవారి దగ్గరికి వెళ్లండి. మందపు పొరలను లాగే మిషన్ వాళ్ల దగ్గర ఉంటుంది. పాలిస్టర్ దారం రీలు, జిప్పు మీరే తీసుకెళ్లండి, లేకపోతే మిషన్ మీద ఏముంటే దాంతోనే లాగించేస్తారు. వి-92కి 18 నంబరు సూది, వి-138కి 20 లేదా 22. ముందు పనికిరాని ముక్క మీద నాలుగు పొరలు కుట్టించి, కింది దారం ముడులు పైకి తేలుతున్నాయేమో చూడండి.

ఇప్పటికే సెట్టు వచ్చినవాళ్లు పాత చిల్లుల మీదే మళ్లీ కుట్టించొద్దు. 8 మి.మీ. లోపలికి జరిగి, టేపు వేసి కుట్టాలి. వాపసు అడిగితే "మీ కొలతలకు కుట్టింది, తిరిగి తీసుకోం" అంటారు. గొడవ కొలతల మీద కాదు, చెప్పిన మెటీరియల్ వాడలేదన్న దాని మీద. అందుకే ఏదీ విప్పకముందే ప్రకటన స్క్రీన్‌షాట్, ఐలెట్‌కి అంటుకున్న అయస్కాంతం, ఉప్పునీళ్లలో తేలుతున్న దారం, మూడూ తేదీ కనపడేలా తీసిపెట్టుకోండి. ఇండియాలో కొన్నవాళ్లు వీటితో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు ఇవ్వొచ్చు. కార్డుతో కట్టినవాళ్లు బ్యాంకులో డిస్ప్యూట్ (ఆ చెల్లింపు మీద అభ్యంతరం) కూడా వేయండి. దానికి గడువు ఉంటుంది, అమ్మినవాళ్ల "రేపు మాపు" నమ్మి దాటబెట్టొద్దు.