నాలుగేళ్లు వాడాక: ఆల్కలినిటీ టెస్ట్ కిట్, డోసింగ్ పంపు, బతికి బట్టకట్టిన నా హ్యామర్ కోరల్

మా ఇంట్లో ఉప్పునీటి ట్యాంకు పెట్టి ఐదేళ్లు దాటింది. రాళ్లూ ఇసుకా పోను అందులో నిలిచే నీరు దాదాపు 200 లీటర్లు. ఇన్నేళ్లలో కొన్న సామాను చాలానే ఉంది. కానీ పగడాలు నీరసించినప్పుడు నిజంగా అక్కరకొచ్చినవి రెండే: ఆల్కలినిటీని (ముఖ్యంగా నీటిలోని బైకార్బొనేట్ మోతాదును) చుక్కలు వేసి కొలిచే టెస్ట్ కిట్, ద్రావణాలను లెక్క ప్రకారం ట్యాంకులో పోసే రెండు గొట్టాల డోసింగ్ పంపు. కిట్‌ను మనసు పెట్టి వాడటం మొదలై నాలుగేళ్లు, ఆ తర్వాత మూడు నెలలకు పంపు వచ్చింది.

ఏం జరిగిందో ముందు చెప్పాలి. నా దగ్గర హ్యామర్ కోరల్ అనే కొమ్మల రకం పగడం ఒకటుంది. ఒక్కో కొమ్మ చివర ఒక్కో తల. అప్పట్లో ఐదు తలలుండేవి. మొదటి ఏడాదంతా మధ్యాహ్నానికల్లా పూర్తిగా విచ్చుకుని నీటి కదలికకు ఊగుతూ ఉండేది. తర్వాత ఓ వారం విచ్చుకోవడం తగ్గింది. పై వారానికి టెంటకిల్స్ (మెత్తటి వేళ్లలాంటి స్పర్శకాలు) సగమే బయటికొచ్చాయి. అద్దానికి ముఖం ఆనించి చూస్తే, కొమ్మ చుట్టూ కిందిదాకా కప్పి ఉండాల్సిన కండ అంచు పైకి జరిగిపోయి కనిపించింది. దాని కింద తెల్లటి సున్నపు గట్లు పలచటి కత్తి అంచుల్లా తేలాయి.

కంగారులో చేయకూడనివన్నీ చేశాను. వెలుతురు చాలట్లేదేమోనని లైటు పెంచాను. పది రోజుల్లో మూడుసార్లు చోటు మార్చాను. అమైనో ఆమ్లాల సీసా తెచ్చి రోజూ పోశాను. ఇవేవీ సాయపడలేదు సరికదా, లైటు పెంచడం గోరుచుట్టు మీద రోకలిపోటైంది. పగడం కండలో జూజాంథెల్లే అనే సూక్ష్మ శైవలాలు ఉంటాయి. వెలుతురుతో అవి తయారుచేసే ఆహారమే పగడానికి ప్రధాన ఆధారం. అసలే నీరసంగా ఉన్నప్పుడు వెలుతురు ఒక్కసారిగా పెరిగితే పగడం ఆ శైవలాలను తట్టుకోలేక బయటికి నెట్టేస్తుంది. నా హ్యామర్ ఆకుపచ్చ రంగు పోయి పాలిపోవడం అప్పుడే మొదలైంది.

ఉప్పు 35 పీపీటీ (వెయ్యికి 35 వంతులు), వేడి 25.5 డిగ్రీల సెల్సియస్, నైట్రేట్ 5 పీపీఎం (పది లక్షలకు 5 వంతులు). అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఆల్కలినిటీ కూడా ఎప్పుడు చూసినా 8.5 డీకేహెచ్ (ఆల్కలినిటీని కొలిచే డిగ్రీలు) చుట్టూనే ఉండేది. అయితే దాన్ని వారానికోసారి, అదీ ఆల్కలినిటీ పెంచే సోడియం బైకార్బొనేట్ కలిపిన రోజు సాయంత్రమే కొలిచేదాన్ని. కలపగానే కొలిస్తే అంకె బాగుండక ఏమవుతుంది! ఈ సంగతి తట్టాక ఓ వారం ఏమీ కలపకుండా రోజూ ఒకే వేళకు కొలిచాను. 8.6, 8.0, 7.4, 6.9, 6.3. ఐదో రోజు అంకె చూశాక గుండె జారిపోయింది. పగడాలు పెరిగేకొద్దీ నీటిలోంచి ఎక్కువ లాక్కుంటున్నాయి. నేనేమో వారమంతా పడిపోనిచ్చి, ఒక్క పూటలో రెండు మూడు డిగ్రీలు ఎక్కించేస్తున్నాను. సముద్రంలో ఇది దాదాపు 7 దగ్గర రోజుల తరబడి పెద్దగా కదలకుండా ఉంటుంది.

పగడం అస్థిపంజరం కాల్షియం కార్బొనేట్. అది కట్టుకోవడానికి కాల్షియమూ కావాలి, ఆల్కలినిటీగా మనం కొలిచే బైకార్బొనేటూ కావాలి. ఆల్కలినిటీ 2.8 డీకేహెచ్ తగ్గేలోపు కాల్షియం తగ్గేది 20 పీపీఎం మాత్రమే. 420 కాస్తా 400 అయితే మామూలు కాల్షియం కిట్‌లో అది తేడాగానే అనిపించదు. అందుకే ట్యాంకులో పగడాలకు ఇబ్బంది మొదలైతే నేను మొదట చూసేది ఆల్కలినిటీ.

ఇక కిట్. 4 మిల్లీలీటర్ల ట్యాంకు నీళ్లు, రెండు చుక్కల ఇండికేటర్ (రంగు మారే ద్రవం), తర్వాత సిరంజితో ఆమ్లం ఒక్కో చుక్కా. నీలం ఆకుపచ్చ కలిసిన రంగు గులాబీకి తిరిగిన క్షణం ఆపేయాలి. నేను సీసా వెనక తెల్ల కాగితం పెట్టి, చుక్క చుక్కకీ తిప్పి చూస్తాను. మొత్తం రెండు నిమిషాల పని. ఆమ్లం పీల్చాక సిరంజిలో కొంచెం గాలి ఉండిపోతుంది. చదవాల్సింది ద్రవం మట్టాన్ని కాదు, నల్లటి పిస్టన్ అంచుని. నేను మొదటి రెండు నెలలూ ద్రవాన్నే చదివాను. ఆ లెక్కలన్నీ వృథా.

కిట్ నిజం చెబుతోందా అన్న అనుమానం వస్తే తేల్చుకోవడం తేలిక. స్వచ్ఛమైన సోడియం బైకార్బొనేట్ 2.4 గ్రాములు లీటరు ఆర్వో డీఐ నీటిలో (లవణాలన్నీ తీసేసిన శుద్ధ నీటిలో) కరిగించి, అందులోంచి 100 మిల్లీలీటర్లు తీసుకుని మళ్లీ లీటరు చేస్తే ఆ నీరు 8 డీకేహెచ్ చూపాలి. కొత్త కిట్ తెరిచినప్పుడల్లా ఇది చేస్తాను. ఒకసారి గడువు దాటిన కిట్ 9.3 చూపింది. దాన్ని నమ్మి ఉంటే అవసరమైనదానికంటే తక్కువ కలిపేదాన్ని.

పంపు విషయానికొస్తే, నీటిలో 1 డీకేహెచ్ పెరగాలంటే 100 లీటర్లకు 3 గ్రాముల బైకార్బొనేట్ కావాలి. నా ట్యాంకు రోజుకు 0.6 తింటోంది, అంటే 3.6 గ్రాములు. లీటరుకు 72 గ్రాములు కరిగించి పెట్టుకుని రోజుకు 50 మిల్లీలీటర్లు, గంటకు రెండు మిల్లీలీటర్ల పైచిలుకు చొప్పున 24 సార్లు పోసేలా పెట్టాను. రెండో గొట్టంలో కాల్షియం క్లోరైడ్, అది అరగంట తేడాతో. రెండూ ఒకేసారి ఒకే చోట పడితే నీటిలో తెల్లటి మబ్బు లేస్తుంది. పగడానికి అందాల్సింది అక్కడే సున్నమై వృథా అవుతుంది.

పంపులో నాకు నచ్చనిది గొట్టాల అరుగుదల. ఏడాదిన్నరకు లోపలి గొట్టం సడలి 50కి బదులు 41 మిల్లీలీటర్లే పోసింది. స్క్రీన్ మీద మాత్రం 50 అనే ఉంది. వారం తిరిగేసరికి ఆల్కలినిటీ 8.0 నుంచి 7.3కి దిగింది. ఆ సంగతి బయటపెట్టింది కూడా కిట్టే. అప్పటినుంచి నెలకోసారి కొలపాత్రలో పట్టి చూసుకుంటున్నాను. బైకార్బొనేట్ గొట్టం కొస నీటిలో మునిగితే సున్నం పేరుకుని మూసుకుపోతుంది. నీటి మట్టానికి పైన, నీరు జోరుగా పారే చోట పడేలా బిగించాలి. మిగతా విషయాల్లో పంపు ఒక్కరోజు కూడా ఇబ్బంది పెట్టలేదు.

హ్యామర్ వెంటనే కోలుకుందని చెప్పలేను. పంపు పెట్టిన మూడో వారంలో ఒక తల మీద గోధుమ రంగు జిగురు కనిపించింది. బ్రౌన్ జెల్లీ అంటారు, చూస్తుండగానే పక్క తలలకు పాకుతుంది. పిప్పెట్‌తో జిగురు పీల్చేసి, పగడాన్ని బయటికి తీసి ఆ కొమ్మను కింది నుంచి కత్తిరించి, మిగిలినదాన్ని అయోడిన్ కలిపిన ట్యాంకు నీటిలో ముంచి తిరిగి పెట్టాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అంతకుముందే కండ తగ్గిపోయిన రెండు తలలు కూడా పోయాయి. రెండే మిగిలాయి. లైటు పాత స్థాయికి దించి, చోటు మార్చకుండా, కొలవడం తప్ప ఏమీ చేయకుండా ఉండటం నాకు చాలా కష్టమైంది. కండ అంచు జరగడం ఆగిందని నమ్మకం కుదరడానికి రెండు నెలలు, టెంటకిల్స్ పూర్తిగా బయటికి రావడానికి నాలుగు నెలలు పట్టింది.

మెత్తటి పగడాలు మాత్రమే ఉన్నవాళ్లకు, వారం వారం నీరు మార్చేవాళ్లకు పంపు అక్కర్లేదు. కిట్ మాత్రం హ్యామర్ లాంటి, సున్నపు అస్థిపంజరం కట్టుకునే మొదటి రాతి పగడంతోపాటే ఇంటికి రావాలి. రోజువారీ వాడకం 0.3 డీకేహెచ్ దాటితే పంపు గురించి ఆలోచించవచ్చు. పడిపోయిన ఆల్కలినిటీని ఎక్కించేటప్పుడు రోజుకు ఒక డిగ్రీ దాటనివ్వకండి. నేనైతే అరడిగ్రీ దగ్గరే ఆగుతాను.

ఆ రోజుల్లో కండ వదిలేసిన తెల్లటి భాగాన్ని మళ్లీ కప్పలేదు. అక్కడ ఇప్పుడు ఊదారంగు కోరలైన్ శైవలం పరుచుకుంది. దానికి పైన, మిగిలిన ఆ రెండు తలలూ చీలుతూ చీలుతూ తొమ్మిదయ్యాయి. పోయిన వారం కింది కొమ్మ పక్కన కందిగింజంత కొత్త మొగ్గ ఒకటి కనిపించింది. ఈ పూట కొలిస్తే 7.9.