రొయ్యల చెరువు గట్టు మీద ఫుట్‌బాల్ మేనేజర్ 24

పశ్చిమ గోదావరి జిల్లా ఉండి దగ్గర మాకు రెండు రొయ్యల చెరువులున్నాయి. రాత్రి ఒంటిగంట నుంచి తెల్లారేదాకా కాపలా నాది. తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుంది కాబట్టి ఏరియేటర్లు ఆగకూడదు. కరెంటు పోతే నిమిషాల్లో జనరేటర్ వెయ్యాలి. నిద్ర ఆపుకోవడానికి మొదలుపెట్టిందే ఈ కంప్యూటర్ గేమ్, ఫుట్‌బాల్ మేనేజర్ 24. మూడు పంటలు పట్టుబడి అయ్యాయి, ఇది మాత్రం వదల్లేదు.

తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. ఇందులో బంతి మనం తన్నం. ఎవరు ఆడాలి, ఎలా ఆడాలి అని చెప్పి గట్టు మీద కూర్చుంటాం, అంతే. తయారుచేసింది స్పోర్ట్స్ ఇంటరాక్టివ్, విడుదల చేసింది సెగా, 2023 నవంబరులో. తర్వాతిది, అంటే 25, రావాల్సింది. 2025 ఫిబ్రవరిలో రద్దు చేశారు. 26 అదే ఏడాది నవంబరులో వచ్చింది కానీ నేనింకా కొనలేదు. రొయ్య రేటు చూసి ఆలోచిస్తా.

నేను తీసుకున్నది ఇంగ్లండ్ ఆరో అంచెలో, నేషనల్ లీగ్ నార్త్‌లో ఒక చిన్న క్లబ్బు. ఆటగాళ్ళంతా పార్ట్‌టైమ్. గేమ్‌లో కొన్ని వ్యూహాలు రెడీగా ఉంటాయి. అందులో గెగెన్‌ప్రెస్ అనేది చూడముచ్చటగా కనిపించి పెట్టేశాను. బంతి పోయిన మరుక్షణం మీదపడి లాక్కోవడం దాని పద్ధతి. ఆగస్టు, సెప్టెంబరు బాగానే గెలిచాం. డిసెంబరుకి కుర్రాళ్ళు అరవయ్యో నిమిషానికే చతికిలబడటం మొదలైంది. జనవరిలో వరసగా అయిదు ఓటములు.

తప్పు ఎక్కడుందో పట్టుకోవడానికి నాకు చాలా రాత్రులు పట్టింది. చలికాలంలో అక్కడి చిన్న క్లబ్బుల మైదానాలు దమ్ము చేసిన చేలలా తయారవుతాయి. గేమ్‌లో కూడా అంతే. స్టేడియం పేజీలో పిచ్ ఎలా ఉందో రాసి ఉంటుంది, నేనే ఎప్పుడూ తెరవలేదు. అలాంటి నేల మీద గోల్‌కీపర్ దగ్గర్నుంచి చిన్న చిన్న పాసులతో బంతి తీసుకురమ్మని చెప్పాను. దమ్ము చేలో సైకిల్ తొక్కమన్నట్టు! ఇప్పుడు పిచ్ బాగోలేదంటే ఆ సూచన తీసేస్తాను. పాసులు కాస్త పొడుగ్గా వెయ్యమంటాను, బంతిని కాలితో నడుపుకుంటూ పోయే డ్రిబ్లింగ్ తగ్గించమంటాను. అయితే ఆ బురద వల్ల ఎంత నష్టమో గేమ్ అంకెల్లో చెప్పదు. పాసులు తప్పడం చూసి మనమే గ్రహించుకోవాలి. నాకది నచ్చింది, కొందరికి చిరాకు పుట్టొచ్చు.

ఎదుటి జట్టు సంగతి ఇంకా పెద్దది. మా చెరువు దగ్గర పనిచేసే పెద్దాయనకి కోడిపందేల కుక్కుటశాస్త్రం మీద భలే గురి. ఒక రాత్రి నా పక్కన కూర్చుని మ్యాచ్ చూసి, "ఎదుటి కోడి డేగో కాకో చూడకుండా దించేశారేంటి అబ్బాయిగారూ" అన్నాడు. నిజమే కదా అని మర్నాటి నుంచి ప్రతి మ్యాచ్‌కీ ప్రత్యర్థిని బట్టి ఫార్మేషన్, అంటే మైదానంలో ఆటగాళ్ళు నిలబడే అమరిక, మొత్తం మార్చడం మొదలుపెట్టాను. అదింకా ఘోరం అయింది. ప్రతి వ్యూహానికీ జట్టు అలవాటు పడాలి, ఆ అలవాటు ఎంతుందో గేమ్ లెక్కపెట్టి చూపిస్తుంది. వారానికో ఫార్మేషన్ అంటే వాళ్ళకి ఏదీ ఒంటబట్టదు.

చెరువులో అయితే ఇలా చేస్తామా? చెక్ ట్రే పైకి లాగి ఎంత మేత మిగిలిందో చూసి, ఆ పూట మేత కొంచెం అటూ ఇటూ చేస్తాం. చెరువే మార్చెయ్యం. ఇప్పుడు జట్టు ఆకారం కదపను. ప్రత్యర్థి రిపోర్టు చదివి ఒకటో రెండో మారుస్తాను. వాళ్ళ ఫార్వర్డ్ చిరుతలా పరిగెత్తేవాడైతే నా డిఫెన్స్ లైను కిందికి, మా గోల్ వైపుకి దించుతాను. కాలు సాగని పొడుగువాడైతే లైను పైకి నెడతాను, గోల్ దగ్గర వాడి తల పైకి లేవకుండా. ఒకసారి లీగ్‌లో మొదటి స్థానంలో ఉన్న జట్టు వచ్చింది. వాళ్ళ గోల్స్‌లో ఎక్కువ భాగం కుడి అంచు నుంచి గోల్ ముందుకి కొట్టే బంతుల (క్రాసుల) వల్లేనని రిపోర్టు చెప్పింది. ఆ కుడి అంచున ఆడే వింగర్ ఒక్కడి మీద ఒత్తిడి పెట్టి, వాడి బలహీనమైన కాలి వైపు నెట్టమన్నాను. అంతకుమించి ఏమీ ముట్టుకోలేదు. కార్నర్ మీద ఒక గోల్, 1-0. పక్క చెరువు కుక్కలు మొరిగేంత గట్టిగా అరిచాను.

ఇంకో సంగతి. సీజన్ మొదట్లో సొంత మైదానం కొలతలు మనమే ఎంచుకోవచ్చు. 2008లో ఇంగ్లండ్ మొదటి అంచె అయిన ప్రీమియర్ లీగ్‌కి వచ్చిన స్టోక్ సిటీ మైదానాన్ని ఇరుకు చేసి, రోరీ డెలాప్ అనే ఆటగాడు పక్కగీత నుంచి చేత్తో విసిరే పొడవాటి త్రోలతో పెద్ద జట్లని హడలగొట్టింది. అది గుర్తొచ్చి నేనూ లీగ్ ఒప్పుకున్నంత ఇరుకు చేశాను. డిఫెన్స్ తేలికైంది కానీ, అంతకు వారం ముందే తెచ్చుకున్న వింగర్‌కి పరిగెత్తే చోటు లేకుండా పోయింది. సీజన్ అయ్యేదాకా ఇక మార్చడానికి లేదు. స్టోక్‌కి డెలాప్ ఉన్నాడు, నాకు అంత దూరం త్రో విసిరేవాడే లేడని తర్వాత వెలిగింది.

మిగతావి చకచకా. తెలుగు లేదు, ఇంగ్లీషు బాగా చదవాలి. పాత లాప్‌టాప్ అయితే ఒక్క దేశం లీగులే లోడ్ చేసుకోండి, సాఫీగా నడుస్తుంది. అసిస్టెంట్ సలహాలు సగం వినండి. గోల్ తన కాలితోనే కొట్టాలనుకునేవాళ్ళు దీని జోలికి రాకండి. వారం రోజులు ఓడిపోయినా ఓపికగా లెక్కలు వేసుకునేవాళ్ళకి మాత్రం పెట్టిన డబ్బుకి నాలుగింతలు కాలక్షేపం. నా వరకు అయిదుకి నాలుగున్నర.

మా పెద్దాయన సున్నా ఇచ్చాడు. పందెం కాయని ఆట చూడ్డమేంటండీ అంటాడు.