విశాఖలో కొత్త ఆఫీసు: తెరిచిన హాలా, గదులా? పార్టికల్ బోర్డా, ప్లైవుడ్డా?

ఋషికొండ, మధురవాడ, సిరిపురం ప్రాంతాలలో కొత్తగా ఆఫీసు పెట్టేవారికి ఇంటీరియర్ కాంట్రాక్టర్లు చూపించే ఫొటోలు ఈ మధ్య దాదాపు ఒకే తీరుగా ఉంటున్నాయి. గోడలు లేని పెద్ద హాలు, వరుసగా పొడవాటి బల్లలు, నల్లరంగు వేసి వదిలేసిన పైకప్పు, అద్దాల మీటింగ్ గది, ఒక మూల పచ్చని మొక్కలు. ఇవే నమూనాలు బెంగళూరులోనూ హైదరాబాదులోనూ నడుస్తున్నాయి. అయితే ఆ రెండు నగరాలకూ లేని ఉప్పుగాలి, ఏడాదిలో ఎక్కువ నెలలు విడవని తేమ మనకు ఉన్నాయి. కొన్నేళ్ల క్రితం ద్వారకానగర్‌లో ఇరవైమంది అకౌంట్స్ ఉద్యోగులకు, ఆ తరువాత ఋషికొండ వైపు ముప్పైమంది సాఫ్ట్‌వేర్ ఉద్యోగులకు ఆఫీసు ఏర్పాటు చేసే బాధ్యత నా మీద పడింది. మొదటిచోట ఫొటో చూసి కొన్నాను, రెండోచోట గాలినీ చప్పుడునూ చూసి కొన్నాను. కింద రాసిన తారతమ్యాలన్నీ ఆ రెండు అనుభవాల నుంచి వచ్చినవే.

ముందుగా హాలు, గదుల సంగతి. తెరిచిన హాలుకు అనుకూలమైన వాదనలు తేలికగా కొట్టిపారేయదగినవి కావు. అదే వైశాల్యంలో ఎక్కువమంది పడతారు, ఏసీ చల్లదనం అన్నిచోట్లకూ సమంగా చేరుతుంది, పార్టిషన్ల ఖర్చు మిగులుతుంది, మనుషులు పెరిగితే బల్లలు జరుపుకోవచ్చు. అద్దె ఒప్పందం ముగిసి మరో భవనానికి మారవలసి వచ్చినప్పుడు గోడలకు పెట్టిన డబ్బు అక్కడే వదిలి వెళ్లవలసిన అవస్థ కూడా ఉండదు. కానీ వీటన్నిటికంటే ఎక్కువగా వినిపించే వాదన, అంటే గోడలు తీసేస్తే ఉద్యోగులు ఒకరితో ఒకరు ఎక్కువగా మాట్లాడుకుంటారన్నది, నిలబడదు. హార్వర్డ్‌కు చెందిన ఈథన్ బెర్న్‌స్టీన్, స్టీఫెన్ టర్బన్ 2018లో ప్రచురించిన పరిశీలనలో, తెరిచిన హాలుకు మారిన తరువాత ఉద్యోగుల ముఖాముఖి సంభాషణలు సుమారు 70 శాతం తగ్గి, ఈమెయిళ్లు, మెసేజ్‌లు పెరిగినట్లు తేలింది. అందరి కళ్ల ముందూ కూర్చోవలసి వచ్చినప్పుడు మనిషి హెడ్‌ఫోన్ పెట్టుకుని తన చుట్టూ తానే ఒక గోడ కట్టుకుంటాడు. ద్వారకానగర్ ఆఫీసులో నేను కళ్లారా చూసినది కూడా ఇదే.

గదుల పక్షం వహించడానికీ జాగ్రత్త కావాలి. అమెరికాలో రాబర్ట్ ప్రాప్స్ట్ అనే రూపకర్త హెర్మన్ మిల్లర్ అనే ఫర్నిచర్ సంస్థ కోసం రూపొందించగా 1968లో మార్కెట్లోకి వచ్చిన పార్టిషన్ల పద్ధతి, ఉద్యోగికి తగినంత చోటు, కొంత ఏకాంతం ఇవ్వాలన్న సదుద్దేశంతో పుట్టింది. కంపెనీలు చోటు ఆదా కోసం వాటిని ఇరుకైన చదరపు డబ్బాలుగా కుదించేశాయి. ఆ పరిణామానికి ప్రాప్స్ట్ స్వయంగా బాధపడ్డాడు. మన దగ్గర ఇంకో అలవాటు ఉంది. కిటికీ ఉన్న పక్కనంతా యజమానికీ మేనేజర్లకూ క్యాబిన్లుగా కట్టి, మిగిలినవారిని ట్యూబులైట్ల కింద కూర్చోబెట్టడం. రోజులో సగం ఖాళీగా ఉండే గదికి సముద్రం కనిపించే కిటికీ ఇచ్చి, తొమ్మిది గంటలు కదలకుండా పనిచేసేవారికి వెలుతురు లేకుండా చేయడం న్యాయం కాదని నేను గట్టిగా నమ్ముతాను. క్యాబిన్లు తప్పనిసరి అయితే లోపలి గోడ వైపు కట్టి, వాటి పైసగం అద్దంతో ఉంచితే వెలుతురు అందరికీ అందుతుంది.

రెండోచోట మేము ఎంచుకున్నది ఈ రెంటికీ మధ్యస్థమైన ఏర్పాటు. నేల నుంచి 1200 మిల్లీమీటర్ల ఎత్తున్న పార్టిషన్ పెట్టాము. కూర్చున్నప్పుడు ఎదుటివారి ముఖం కనబడదు, లేచి నిలబడితే హాలంతా కనిపిస్తుంది. దానికి తోడు ఫోన్ మాట్లాడుకోవడానికి రెండు చిన్న గదులు కేటాయించాము. పని చెడగొట్టేది కేవలం చప్పుడు కాదు, అర్థమయ్యే మాట. ఏసీ రొదను చెవి మరచిపోతుంది గాని, పక్కవారి ఫోన్ సంభాషణను మనసు వద్దన్నా వింటూనే ఉంటుంది. విట్రిఫైడ్ టైల్స్, అద్దాలు, సిమెంటు పైకప్పు మాటను తిప్పికొడతాయి కాబట్టి గోడలకు ధ్వనిని పీల్చుకునే పలకలు కావాలి. గుడ్డ చుట్టిన గ్లాస్‌వూల్ పలకల కంటే, ప్లాస్టిక్ సీసాలను కరిగించి తీసిన పాలిస్టర్ నారతో చేసే పెట్ ప్యానెళ్లు మన తేమకు నయం, ముక్కవాసన రాదు. ఫోన్ గదికి గాలి వచ్చే మార్గం తప్పక ఉంచండి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ లేని గదిలో మే నెలలో పది నిమిషాలు కూర్చోవడం కూడా కష్టం.

సముద్రం వైపు కిటికీలున్న భవనంలో మరొక విషయం గమనించాలి. మన తీరం ఆగ్నేయానికి తిరిగి ఉంటుంది కనుక ఉదయపు ఎండ నేరుగా లోపలికి పడుతుంది. కిటికీకి ఎదురుగానో వీపు పెట్టో కాకుండా, కిటికీ పక్కకు వచ్చేలా బల్లలు వేస్తే తెర మీద ఎండ మెరుపు తగ్గుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను నగరంలోని అద్దాల భవనాలను ఏం చేసిందో చూసినవారెవరూ యూపీఎస్‌నూ ఫైళ్ల బీరువాలనూ కిటికీ గోడకు ఆనించి పెట్టరు.

పైకప్పు విషయంలో నా తీర్పు సూటిగానే ఉంది. ఫాల్స్ సీలింగ్ లేకుండా నల్లరంగు వేసి వదిలేయడం ఇక్కడ మేలు కాదు. ఏసీ డక్టుల (చల్లగాలి గొట్టాల) మీద చెమ్మ పట్టి చుక్కలు కారతాయి, ఇనుప క్లాంపులు తుప్పు పడతాయి, గొంతులు ప్రతిధ్వనిస్తాయి. జిప్సమ్ సీలింగ్‌లో ఒక చోట నీరు కారితే ఆ భాగమంతా కోసి మళ్లీ వేయాలి. 600 మిల్లీమీటర్ల చదరపు పలకల గ్రిడ్ సీలింగ్ అంత అందంగా ఉండకపోయినా, చెడిన పలక ఒక్కటి మార్చుకుంటే చాలు.

ఇక బల్లల సంగతి. ఎక్కువ డబ్బు పోయేదీ, ఎక్కువగా మోసపోయేదీ ఇక్కడే. షోరూముల్లో దొరికే మాడ్యులర్ వర్క్‌స్టేషన్లలో అధికభాగం లామినేట్ (నున్నని పల్చటి పైరేకు) అతికించిన పార్టికల్ బోర్డుతో చేసినవి. చెక్క రవ్వను జిగురుతో కలిపి ఒత్తిన పలక అది. అన్నీ ఒకే కొలతలో, నున్నగా, వారంలో బిగించేంత సిద్ధంగా వస్తాయి. పొడిగా ఉన్నంతకాలం దానికి వంక పెట్టలేము. అంచుల్లో తేమ చేరితే మాత్రం రొట్టెలా ఉబ్బుతుంది, ఉబ్బినచోట స్క్రూ పట్టదు. మా మొదటి ఆఫీసులో రెండు వానాకాలాలు తిరిగేసరికి సొరుగుల అడుగుభాగాలు, నేలను తడిగుడ్డతో తుడిచే ప్రతిసారీ నీరు తగిలే పక్క పలకలు పాడైపోయాయి. అమ్మినవారు అది వారంటీ కిందికి రాదన్నారు. శని, ఆదివారాల్లో ఏసీ ఆపేసి తలుపులు మూసిన హాలులో తేమ ఎంత చేరుతుందో నేను ముందే ఆలోచించి ఉండవలసింది.

వడ్రంగి చేత ప్లైవుడ్‌తో చేయించుకుంటే ఈ బాధ చాలావరకు తప్పుతుంది, కానీ ఏ ప్లైవుడ్ అన్నది చూసుకోవాలి. ఎంఆర్ గ్రేడ్ అంటే కొంత తేమను ఓర్చుకునేదే తప్ప నీటిని తట్టుకునేది కాదు. ఐఎస్ 710 ప్రమాణపు ప్లైని 72 గంటలు మరిగే నీటిలో ఉంచి, పొరలు విడిపోతాయేమో పరీక్షిస్తారు. పలక మీద ఐఎస్‌ఐ ముద్ర, లైసెన్సు సంఖ్య చూసి తీసుకోండి. చేతిపనికి లోపాలు లేకపోలేదు: నెలరోజుల దుమ్ము, జిగురు వాసన, బల్లకూ బల్లకూ మధ్య చిన్న తేడాలు. అయినా ఐదేళ్ల తరువాత ఒక కీలు విరిగితే అదే వడ్రంగి గంటలో బాగుచేస్తాడు.

ఈ రెండు పద్ధతులలోని మంచిని కలిపి, విప్పి మరోచోటికి తీసుకెళ్లగల ఇనుప ఫ్రేము మీద ప్లైవుడ్ పలక వేయించడం మన ఊరికి అన్నిటికంటే మేలు. పలకకు రెండువైపులా లామినేట్ వేయించాలి, ఒకవైపే వేస్తే అది వంగుతుంది. ఫ్రేముకు రంధ్రాలన్నీ పౌడర్ కోటింగ్‌కు (రంగుపొడి చల్లి వేడితో అంటించే పూతకు) ముందే వేయించాలి. కోటింగ్ అయ్యాక డ్రిల్ చేసిన ప్రతి రంధ్రం చుట్టూ తుప్పు మొదలవుతుంది. బీరువాలను నేలకు 100 మిల్లీమీటర్ల ఎత్తున కాళ్ల మీద నిలబెట్టాలి. క్రోమ్ పూత పిడులు ఈ గాలికి మచ్చలు పడతాయి కనుక, ఏటికొప్పాక కళాకారుల చేత అంకుడు కర్రతో, లక్క రంగులతో గుబ్బలు చేయించి సొరుగులకు పెట్టుకోవచ్చని నా సూచన. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ పనితనం మనకు ఇంత దగ్గరలో ఉండగా, దూరం నుంచి తెప్పించిన అలంకారాలు ఎందుకు?

నిలబడి పనిచేసే మోటారు బల్లలు అందరికీ అక్కరలేదు. రోజంతా నిలబడటమూ కాళ్లకు చేటే. హాలులో ఒకటి రెండు ఉంచి, కావలసినవారు వంతులవారీగా వాడుకుంటే సరిపోతుంది.

బల్లల మీద మిగిలిన డబ్బును కుర్చీలకు పెట్టండి. రెక్సిన్ కుర్చీ కొన్నప్పుడు దర్జాగా ఉంటుంది గాని, తేమకు దాని పైపూత విచ్ఛిన్నమై పొరలు పొరలుగా ఊడుతుంది, కరెంటు పోయిన పావుగంటకే వీపు తడిసిపోతుంది. 1994లో వచ్చిన ఏరాన్ కుర్చీతో ప్రపంచమంతా పాకిన మెష్ (వలలాంటి అల్లిక) వీపు మన ఉక్కపోతకు సరిగ్గా సరిపోతుంది. కూర్చునే భాగం కూడా మెష్ అయితే నాసిరకంలో త్వరగా జారిపోతుంది కనుక, వీపుకు మెష్, కింద గుడ్డ కప్పిన దట్టమైన ఫోమ్ ఉన్నది ఎంచుకోవాలి. కింది భాగం క్రోమ్ ఇనుము కాక నైలాన్‌దో అల్యూమినియందో కావాలి. సాధారణంగా బల్ల ఎత్తు 750 మిల్లీమీటర్లు ఉంటుంది. మన మహిళా ఉద్యోగులలో చాలామందికి అది ఎక్కువ. కుర్చీ పైకి లేపుకుంటే పాదాలు గాలిలో వేలాడతాయి. మా రెండో ఆఫీసులో బల్లలను 720కి దించి, ఇంకా అవసరమైన ఆరుగురికి మిగిలిన ప్లై ముక్కలతో ఏటవాలు పాదపీటలు చేయించాము.