రెనసాన్స్ ఫెయిర్‌కి వేషం: అద్దెకు తేవాలా, కొనాలా, కుట్టాలా?

మార్చి నెల సగం గడిచిందంటే డాలస్‌లో మా స్నేహితుల మధ్య ఒకటే మాట: "ఈసారి వాక్సహాచీ వెళ్తున్నారా? ఏం వేసుకుంటున్నారు?" డాలస్‌కి దక్షిణాన ఉన్న ఆ ఊళ్లో 1981 నుంచి స్కార్‌బరో రెనసాన్స్ ఫెస్టివల్ జరుగుతోంది. ఏప్రిల్‌లో మొదలై మే చివరి సోమవారం వచ్చే మెమోరియల్ డే దాకా శని, ఆదివారాలు తిరనాళ్లలా ఉంటుంది. వేషాలు కట్టి నడిపే 1533 నాటి ఇంగ్లండు పల్లె అది. ఎనిమిదో హెన్రీ రాజు, ఆన్ బొలీన్ రాణి వీధిలో నడుస్తూ ఎదురొస్తారు. మామూలు బట్టల్లో వెళ్లినా ఎవరూ ఆపరు. కానీ వేషం కట్టుకుని వెళ్తే కమ్మరి కొట్టు దగ్గర మనిషి కూడా మనల్ని ఊరివాళ్లలా పలకరిస్తాడు. పిల్లలకి ఆ తేడా ఇట్టే తెలిసిపోతుంది.

మా ఇంట్లో నలుగురం. ఒక్కో ఏడు ఒక్కో పద్ధతి చూశాం: అద్దె, రెడీమేడ్, పాతబట్టల దుకాణం, సొంత కుట్టు. మొత్తం కుట్టుకోవడమే గొప్ప అని మొదట్లో నేనూ అనుకున్నాను. ఇప్పుడు నా అభిప్రాయం అది కాదు. లోపలి చొక్కా ఒక్కటీ మన చేత్తో కుట్టి, మిగతాదంతా పాతబట్టల దుకాణంలో ఏరుకుంటే డబ్బుకీ ఒంటికీ కూడా అదే మేలు. ఎందుకో చెప్తాను.

ముందు ఎవరిగా వెళ్తున్నారు?

దుకాణానికి వెళ్లేముందు తేల్చుకోవాల్సింది ఇది. సరిగ్గా ఆ 1533 ప్రాంతంలోనే ఇంగ్లండు పార్లమెంటు ఎవరు ఏ బట్ట కట్టాలో చెబుతూ ఒక చట్టం చేసింది. ఊదారంగు పట్టు రాజకుటుంబానికే. మఖమలు, జరీ, ఖరీదైన బొచ్చు ఎవరికి ఎంతవరకూ చెల్లుతాయో హోదాని బట్టి రాసిపెట్టారు. రైతుకీ పనివాడికీ మిగిలినవి ఉన్ని, నార.

మన ఖర్చు లెక్క అక్కడే సగం తేలిపోతుంది. రాణిగా వెళ్లాలంటే మఖమలు, ముత్యాలు, లోపల లంగాని గంటలా నిలబెట్టే చట్రం కావాలి. చవకలో చేస్తే చవకగానే కనిపిస్తాయి. పాలు అమ్మే మనిషిగా, వడ్రంగిగా, సత్రంలో వంటమనిషిగా వెళ్తే మోటు బట్టే అసలైన బట్ట. ముడతా, వెలిసిన రంగూ, మోకాలి దగ్గర అతుకూ అన్నీ ఆ వేషానికి అందమే. రంగుల్లో ఇటుక ఎరుపు, మట్టి గోధుమ, గొర్రె బూడిద, నాచు ఆకుపచ్చ, వెలిసిన నీలం తీసుకోండి. అప్పట్లో ఎరుపు మంజిష్ఠ జాతి వేళ్ల నుంచి, నీలం వోడ్ అనే మొక్క ఆకుల నుంచి వచ్చేవి. వోడ్‌లో ఉన్నది మన నీలిమందులో ఉన్న రంగే. నిగనిగలాడే నలుపు మాత్రం సామాన్యులకి అందేది కాదు, అందుకని నల్ల లెగ్గింగ్స్‌ని ఇంట్లోనే వదిలేయండి.

అద్దె

గేటు దగ్గరే అద్దెకిస్తారు. బట్టలు బాగుంటాయి, కట్టేవాళ్లకి పని తెలుసు. పొద్దున్నే వరసలో నిలబడాలి, డిపాజిట్ కట్టాలి, సాయంత్రం తిరిగిచ్చేయాలి. మేం నలుగురికీ అడిగి చూస్తే అద్దె మా టికెట్ల ఖర్చుని దాటిపోయింది. ఇండియా నుంచి వచ్చిన అత్తయ్యా మామయ్యల్ని ఒక్కరోజు సరదాగా తీసుకెళ్తుంటే అద్దెని మించింది లేదు. ఏటా వెళ్లేవాళ్లకి మాత్రం వద్దు.

రెడీమేడ్ సెట్

ఇంటర్నెట్‌లో యాభై, అరవై డాలర్లకి "మధ్యయుగపు గౌను" అని దొరికేది. ఫోటోలో చక్కగా ఉంటుంది. నేను కొన్నది మెరూన్ రంగుది, ముందువైపు తాళ్లు అల్లినట్టు ఉండేది. ఇంటికొచ్చాక చూస్తే ఆ తాళ్లు ఉత్త అలంకారం, వెనక జిప్పు ఉంది. బట్ట పూర్తిగా పాలియెస్టర్. మే నెల టెక్సస్ ఎండలో పన్నెండు గంటలకల్లా గౌను వీపుకి అంటుకుపోయింది. గుర్రాల మీద ఈటెలతో తలపడే పోటీ చూద్దామని బల్ల మీద కూర్చుంటే జిప్పు నడుము దగ్గర విచ్చుకుంది. మిగిలిన రోజంతా శాలువా కప్పుకుని తిరిగాను, అంత ఉక్కలో! చిన్నదానికి కొన్న కిరీటం, రెక్కలు మాత్రం మూడేళ్లు వచ్చాయి. చిన్నపిల్లల దేవకన్య వేషానికైతే రెడీమేడ్‌ని తప్పుపట్టను. పెద్దవాళ్లకి డబ్బు దండగ.

పాతబట్టల దుకాణం

గుడ్‌విల్ లాంటి థ్రిఫ్ట్ షాపుకి వెళ్లేటప్పుడు వేషం కోసం వెతక్కండి, బట్ట కోసం వెతకండి. కొత్తవాళ్లు చేసే పొరపాటు ఇదే. హాలోవీన్ వరసలోకి వెళ్లి ఏమీ లేదని తిరిగొచ్చేస్తారు. చూడాల్సినవి బెడ్‌షీట్లు, కర్టెన్లు, పెద్ద సైజు లంగాలు, తోలు హ్యాండ్‌బ్యాగులు, మగవాళ్ల బెల్టులు.

ఆడవాళ్లకి కుచ్చు ఎక్కువున్న నేలదాకా లంగాలు రెండు చాలు. పైదాన్ని ఒకపక్క ఎత్తి నడుములో దోపితే లోపలిది కనిపిస్తుంది, పనిలో ఉన్న పల్లెటూరి మనిషి కట్టు అదే. మగవాళ్లకి వదులు కాటన్ ప్యాంటుని మోకాలి కిందికి కత్తిరించి నాడా ఎక్కించి బిగిస్తే బ్రీచెస్ అవుతుంది. కింద పొడవాటి మేజోళ్లు వేస్తారు. ముదురు రంగు ఉన్ని వెయిస్ట్‌కోటు దొరికితే గుండీలు తీసేసి, గుండీల చోటా కాజాల చోటా చిల్లులు పొడిచి తోలు తాడు అల్లండి. పాత తోలు హ్యాండ్‌బ్యాగు పక్కముక్కని గుండ్రంగా కోసి, అంచున చిల్లులు పెట్టి, తాడు దూర్చి లాగితే నడుముకి వేలాడే సంచీ తయారు. ఫోనూ, తాళాలూ, డబ్బులూ అందులోకే. అప్పట్లో బట్టలకి మన జేబుల్లాంటివి లేవు, కాబట్టి సంచీ లేకుండా వేషం పూర్తికాదు.

బట్ట కాటనో నారో తెలియకపోతే, కొన్నాక ఇంట్లో అంచు నుంచి రెండు పోగులు లాగి, సింకు మీద పట్టుకుని అగ్గిపుల్ల చూపించండి. కాటన్, నార కాగితంలా కాలి మెత్తటి బూడిదవుతాయి. పాలియెస్టర్ కరిగి గట్టి నల్లపూస అవుతుంది. కాలిన వాసనలోనే తేడా తెలుస్తుంది. ఒంటిని తాకే బట్టకి ఈ పరీక్ష తప్పనిసరి. పైన వేసే లంగాకి అంత పట్టింపు లేదు.

ఈ దారిలో ఇబ్బంది ఒకటే, ఓపిక కావాలి. ఒక్కసారి వెళ్తే అన్నీ దొరకవు. ఫెయిర్ ఏప్రిల్‌లో అయితే జనవరి నుంచే నెలకోసారి చూస్తుండాలి.

సొంత కుట్టు

మంచి నార బట్ట ఇక్కడ గజం పది, పదిహేను డాలర్లు. ఒక మనిషికి లోపలి చొక్కా, పైన గౌను కలిపి ఎనిమిది, తొమ్మిది గజాలు పడుతుంది. బట్టకే వంద డాలర్లు అటూ ఇటూగా అవుతుంది, పైగా నెలరోజుల సాయంత్రాలు పోతాయి. జోఆన్ దుకాణాలు 2025లో అన్నీ మూతపడ్డాక బట్టని చేత్తో తాకి చూసి కొనే చోట్లూ తగ్గాయి. మొదటిసారి వెళ్లేవాళ్లు మొత్తం కుట్టడానికి కూర్చుంటే సగంలో ఆగిపోతారు. నేనే ఒక గౌనుని రెండేళ్లు పెట్టెలో ఉంచేశాను.

అయినా ఒకటి మాత్రం కుట్టితీరాలంటాను, ఒంటికి ఆనుకుని ఉండే తెల్ల చొక్కాని. ఇంగ్లండులో స్మాక్, షిఫ్ట్ అంటారు, ఫ్రెంచిలో షెమీజు. మన కమీజు అనే మాటా, వాళ్ల షెమీజూ ఒకే పాత లాటిన్ మాట నుంచి వచ్చాయంటారు. చెమట పీల్చేది, పై బట్టని మురికి కాకుండా కాపాడేది, మెడ దగ్గరా చేతుల దగ్గరా బయటికి కనిపించేది అదే. అది సరిగ్గా ఉంటే మిగతా అతుకులబొంతని ఎవరూ పట్టించుకోరు.

కోత కూడా తేలిక. వంపులు లేవు, అన్నీ చతురస్రాలూ దీర్ఘచతురస్రాలే. నేను మొదటిసారి కాగితం మీద గీసుకుని వీడియో కాల్‌లో అమ్మకి చూపిస్తే ఒక్క చూపు చూసి, "ఇది మీ తాతయ్య లాల్చీ కోతే కదే! చంక కింద చౌకపు ముక్క వెయ్యడం మర్చిపోకు, లేకపోతే చెయ్యెత్తగానే పిగులుతుంది" అంది. ఆ చౌకపు ముక్కే అయిదొందల ఏళ్లనాటి ఇంగ్లండు చొక్కాలోనూ ఉంది. బట్ట ఖరీదైన కాలంలో ఒక్క పేలిక కూడా వృథా పోకూడదని వాళ్ల దర్జీలూ మన దర్జీలూ ఒకే ఉపాయానికి వచ్చారు.

లెక్క చెప్తాను. క్వీన్ సైజు ఫ్లాట్ బెడ్‌షీటు సుమారు 90 అంగుళాల వెడల్పు, 102 అంగుళాల పొడవు ఉంటుంది. అందులో 30 అంగుళాల వెడల్పు, 90 అంగుళాల పొడవున్న పట్టీ తీసి భుజం దగ్గర మడిస్తే ముందూ వెనకా వచ్చేస్తాయి. అలాంటివి రెండు తీశాక 42 అంగుళాల పట్టీ మిగులుతుంది. దాంట్లో 21కి 22 అంగుళాల చేతులు నాలుగు, మిగిలిన ముక్కలో చంక కిందికి 6 అంగుళాల చౌకాలు, పక్కల్లో ఘేరు కోసం త్రిభుజాలు. అంటే ఒక్క బెడ్‌షీటులో పెద్దవాళ్ల చొక్కాలు రెండు. నేను ఆరు డాలర్లకి కొన్న షీటు కడిగి కడిగి మెత్తబడినది, కొత్త బట్టకన్నా అదే హాయిగా ఉంది. మెడకి నాడా దూర్చితే సైజు సమస్యే ఉండదు.

పిల్లల చొక్కాలకి కింద రెండు మడతలు వేసి కుట్టండి, పరికిణీలకి వేసినట్టే. ఏడాదికో మడత విప్పుకోవచ్చు. ఆ కాలంలో ఆరేడేళ్ల దాకా మగపిల్లలకీ గౌనులే వేసేవారు కాబట్టి అక్కది తమ్ముడికి నిక్షేపంగా పనికొస్తుంది.

కుట్టు బాగా వచ్చినవాళ్లు బాడిస్ కూడా, అంటే చొక్కా మీద ఒంటికి బిగుతుగా తాళ్లతో కట్టే రవికలాంటిది, ప్రయత్నించవచ్చు. దళసరి కర్టెన్ బట్ట రెండు పొరలు వేసి నిలువునా సన్నటి గొట్టాల్లా కుట్లు వేయాలి. వాటిలో నిలబెట్టడానికి అప్పట్లో ఏ పుల్లలు వాడేవారో అని తల బద్దలుకొట్టుకోనక్కర్లేదు. హార్డ్‌వేర్ షాపులో దొరికే వెడల్పాటి ప్లాస్టిక్ కేబుల్ టైలు చక్కగా సరిపోతాయి. కొలతకి కత్తిరించి, కొసలు గోళ్ల ఆకురాయితో గుండ్రంగా అరగదీసి దూర్చాలి. అరగదీయకపోతే మధ్యాహ్నానికల్లా బట్ట చీల్చుకుని పక్కటెముకలో గుచ్చుతాయి. తాడు దూర్చే కన్నాలకి ఇనుప రింగులు కొట్టకుండా కాజా కుట్టు వేస్తే ఇంకా అందం. అవి కుట్టడానికి నాకు రెండు సినిమాల సమయం పట్టింది.

చొక్కా కుట్టి, మిగతాది ఏరి తెచ్చుకున్న నా వేషం మొత్తం ఖర్చు, బాడిస్‌తో సహా, నలభై డాలర్ల లోపు. జిప్పు తెగిన ఆ గౌనుకన్నా తక్కువ.

మన పెట్టెలోనే ఉన్న ఇంకో దారి

ఇది ఆలస్యంగా తట్టింది. స్కార్‌బరో పల్లె 1533లో ఉంది. అప్పుడు మన దగ్గర విజయనగర సింహాసనం మీద అచ్యుతదేవరాయలు. అదే 1530ల్లో విరూపణ్ణ, వీరణ్ణ అన్నదమ్ముల చేతుల మీదుగా లేపాక్షి వీరభద్రాలయం రూపుదిద్దుకుంటోంది. ఆ గుడి మండపం కప్పు మీద వేసిన బొమ్మల్లో మనుషులు ఏం కట్టుకున్నారో ఇప్పటికీ చూడవచ్చు. ఆడవాళ్లకి చారలూ గళ్లూ పూలూ ఉన్న చీరలు, మగవాళ్లకి పొడుగ్గా కోసుగా ఉన్న కుళ్లాయి టోపీలు, కబాయి అనే పొడవాటి అంగీలు. పోర్చుగీసు వాళ్లు అప్పటికే గోవాలో ఉన్నారు. దూరదేశపు వర్తకుడిగా మనం ఆ ఇంగ్లండు సంతలో అడుగుపెట్టడం కథకి అతికినట్టే ఉంటుంది.

ఖర్చు చూస్తే ఇదే అన్నిటికన్నా తక్కువ. చేనేత కాటన్ చీర, పంచె, ఉత్తరీయం ఇంట్లో ఉన్నవే. కుళ్లాయికి బక్రమ్ అనే బిరుసు బట్టని పొట్లంలా చుట్టి, పైన పేరంటాల్లో వచ్చిన జాకెట్టు ముక్కలు అంటిస్తే చాలు. మా ఆయనకి చేసింది అడుగున్నర ఎత్తు, దానికి వాడినవి మూడు జాకెట్టు ముక్కలు.

అలాగని బీరువాలోంచి ఏది పడితే అది తీస్తే కుదరదు. మెరిసే సింథటిక్ జరీ, చమ్కీలు, డిజైనర్ బ్లౌజులు ఈ కాలానివి, లేపాక్షి బొమ్మల పక్కన తేలిపోతాయి. గళ్లదో చారలదో ముతక చీర కావాలి. కుచ్చిళ్లు నేలకి ఆనకుండా కాస్త పైకి కట్టాలి, ముందురోజు వాన పడితే దారులన్నీ బురదే. చంటిపిల్లల్ని ఎత్తుకుని, రోజంతా కంకరదారిలో నడవాలంటే చీరకన్నా లంగా, తెల్ల చొక్కాయే సుఖం. ఆ విషయంలో నా ఓటు ఇంకా బెడ్‌షీటు చొక్కాకే.

హ్యూస్టన్ వైపు ఉండేవాళ్లు టాడ్ మిషన్‌లో 1974 నుంచి జరుగుతున్న టెక్సస్ రెనసాన్స్ ఫెస్టివల్‌కి వెళ్తారు. అది అక్టోబరు, నవంబరుల్లో కాబట్టి ఉన్ని కూడా ఒంటిమీద ఓర్చుకోవచ్చు. అక్కడ ఒక్కో వారాంతానికి ఒక్కో ఇతివృత్తం ఉంటుంది, వేషం ఎంచుకునేముందు ఆ వారం ఏమిటో చూసుకోండి. ఎక్కడికి వెళ్లినా నడుముకి కత్తి పెట్టుకుంటే, బొమ్మదైనా సరే, ఒరలోంచి తీయడానికి వీల్లేకుండా తాడుతో కట్టేయమంటారు. ఆ తాడు ఇంటి దగ్గరే కట్టుకుని వెళ్లడం మంచిది.

ఈ ఏప్రిల్‌కి మా లెక్క ఇది: ఆయన కుళ్లాయి పెట్టుకుని మిరియాల వర్తకుడు. నేను తెల్ల చొక్కా, ఇటుకరంగు లంగాతో సత్రం వంటమనిషి. అమ్మాయి చొక్కాకి రెండో మడత నిన్న రాత్రే విప్పాను. కొత్త గీత దగ్గర బట్ట ఇంకా తెల్లగా ఉంది, పైదంతా కాస్త పసుపెక్కింది. కాసిని టీ నీళ్లలో ముంచితే రెండూ కలిసిపోతాయి.