"1974 ఒరిజినల్" అంటూ గిల్ స్కాట్-హెరాన్ ఎల్పీ అమ్ముతున్నారు, జాగ్రత్త

ఎల్పీలు (పాత వినైల్ రికార్డులు) కొనే మిత్రులకు. అమెరికన్ కవి, గాయకుడు గిల్ స్కాట్-హెరాన్, సంగీతకారుడు బ్రయాన్ జాక్సన్ కలిసి చేసిన 'వింటర్ ఇన్ అమెరికా' ఆల్బమ్‌ని "1974 ఒరిజినల్ ప్రెస్సింగ్ (అప్పట్లో అచ్చయిన మొదటి కాపీ), అసలు ప్లే చేయనిది" అని ఒకాయన ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాడు. 14,000 రూపాయలు పెట్టి కొన్నాను. వచ్చింది నకిలీ.

కవర్ చూడగానే అనుమానం వచ్చింది. స్కాన్ చేసి అచ్చేసినట్టు బొమ్మ మసగ్గా ఉంది, వెనకవైపు చిన్న అక్షరాలు అలుక్కుపోయాయి. సరే, రికార్డ్ వేసి చూద్దామనుకున్నాను. రెండో వైపు చివర్లో 'వింటర్ ఇన్ అమెరికా' అనే పాట మొదలైంది. అక్కడే దొరికిపోయాడు! ఆల్బమ్ పేరు అదే అయినా 1974 ఎల్పీలో ఆ పాట లేనే లేదు. అది 1975లో 'ది ఫస్ట్ మినిట్ ఆఫ్ ఎ న్యూ డే'లో వచ్చింది. అసలు రికార్డ్ 'పీస్ గో విత్ యూ, బ్రదర్'తో మొదలై మళ్లీ దానితోనే ముగుస్తుంది. ఎన్నో ఏళ్ల తర్వాత సీడీ వేసినప్పుడు ఈ పాటతో సహా లైవ్ పాటలు కొన్ని కలిపారు. వీళ్లు ఆ సీడీనే తెచ్చి ఎల్పీగా కొట్టినట్టున్నారు.

సౌండ్ మరీ ఘోరం. ఈ ఆల్బమ్‌లోని 'హెచ్‌టూఓగేట్ బ్లూస్' అమెరికా అధ్యక్షుడు నిక్సన్ కాలంనాటి వాటర్‌గేట్ కుంభకోణం మీద గిల్ చదివిన కవిత. వెనక బ్లూస్ మెల్లగా నడుస్తుంటుంది, ప్రాణమంతా ఆయన గొంతులోనే ఉంటుంది. ఎక్కడ ఆగాడు, ఏ మాట నొక్కాడు అన్నదే దాని అందం. నాకొచ్చిన కాపీలో 'స', 'ష' వచ్చిన ప్రతిచోటా గొంతు చిర్రుమంటోంది. మామూలు పాటైతే వాద్యాల మధ్య కొంత తెలియకుండా పోయేది. ఇక్కడ ఉన్నదే మాట, అదే పాడైంది.

అసలు రికార్డ్ వేసిన స్ట్రాటా-ఈస్ట్ కంపెనీని 1971లో చార్లెస్ టాలివర్, స్టాన్లీ కౌవెల్ అనే ఇద్దరు జాజ్ కళాకారులే పెట్టారు. చేసిన సంగీతం మీద హక్కు కళాకారుడికే ఉండాలన్నది వాళ్ల పద్ధతి. అలాంటి కంపెనీ పేరు లేబుల్ మీద వేసి దొంగ సరుకు అమ్ముతుంటే నాకు కడుపు మండిపోతోంది.

డబ్బు వెనక్కి అడిగితే "సీల్ తీశాక రిటర్న్ లేదు" అన్నాడు. ఫొటోలు పంపాక ఫోన్ ఎత్తడం మానేశాడు.

ఈ ఆల్బమ్ ఎవరి దగ్గర కొన్నా ముందు రెండు లేబుళ్ల ఫొటోలు అడగండి, పాటల పేర్లు చదవండి. రికార్డ్ మీద పాటల గాడులు అయిపోయాక లేబుల్ చుట్టూ ఉండే ఖాళీ భాగంలో చెక్కిన నంబర్ కూడా దగ్గరగా తీసి పంపమనండి. కవర్ మీద కేటలాగ్ నంబర్ ఎస్ఈఎస్-19742 ఉందని నమ్మేయకండి, దాన్ని ఎవరైనా అచ్చేయగలరు. సైట్ బయట యూపీఐలో డబ్బు పంపమంటే అస్సలు ఒప్పుకోవద్దు. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి. రీఇష్యూని (తర్వాత మళ్లీ వేసిన కాపీని) రీఇష్యూ అని చెప్పి, ఆ ధరకే అమ్మేవాళ్లూ ఉన్నారు, వాళ్ల దగ్గర నిశ్చింతగా కొనుక్కోవచ్చు.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాను. ఇదే పాటతో ఇలాంటి కాపీ మీకూ వచ్చి ఉంటే మీరూ ఫిర్యాదు చేయండి. అతను అవే ఫొటోలతో ఇంకా అమ్మకానికి పెడుతూనే ఉన్నాడు.