బెజవాడ ఉక్కలో ఉన్ని రజాయి

ముందే చెప్పేస్తాను: బెజవాడలో ఉన్ని రజాయి పనికొచ్చేది చలికి కాదు, చెమటకి. మనకి చలి ఎక్కడిది? సంక్రాంతి రోజుల్లో కూడా తెల్లవారుజామున 18, 19 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. ఆ మాత్రానికి నూలు దుప్పటి, మహా అయితే పాత చీరలతో కుట్టిన బొంత చాలు. నేను దీన్ని కొన్నది ఏసీ గది కోసం. ఏళ్ళ తరబడి వాడుతున్నాను కాబట్టి మంచీ చెడ్డా రెండూ తెలిశాయి.

పటమటలో మాది పై అంతస్తు ఫ్లాటు. మార్చి వచ్చిందంటే పగలంతా స్లాబు కాగి, రాత్రి పదకొండైనా గోడలు చల్లారవు. నాకు ఏసీ లేనిదే నిద్ర పట్టదు, మా ఆవిడకి ఏసీ గాలి పడదు. 24లో పెడితే తను ముడుచుకుంటుంది, 27లో పెడితే నేను పొర్లుతాను. అప్పట్లో మా దగ్గర ఉన్నది పాలిస్టర్ నింపిన కంఫర్టర్. కప్పుకున్న కాసేపు హాయిగానే ఉండేది. తర్వాత మెడ కింద, మోకాళ్ళ వెనక జిగట మొదలయ్యేది. ఏ రెండింటికో మెలకువ వచ్చి కాలితో తన్నేస్తే, చెమట పట్టిన ఒంటికి ఏసీ గాలి తగిలి వణుకు. మళ్ళీ లాక్కోవడం, మళ్ళీ తన్నడం. తెల్లారేసరికి కంఫర్టర్ నేల మీద, గొంతు పట్టేసిన మేమిద్దరం మంచం మీద.

ఉన్ని రజాయి మార్చింది సరిగ్గా ఈ తన్నులాటనే. ఉన్నిపోగు తన బరువులో దాదాపు మూడో వంతు తేమ పీల్చుకున్నా చేతికి తడి తగలదు. పాలిస్టర్ తేమని లోపలికి పోనివ్వదు, అందుకే చెమట ఒంటికీ గుడ్డకీ మధ్య నిలిచిపోతుంది. నూలు పీలుస్తుంది గానీ తడిసి ఒంటికి అంటుకుంటుంది. ఉన్ని పీల్చిన తేమ పైనున్న పొడి ఏసీ గాలిలోకి మెల్లగా పోతుంది. ఇప్పుడు కప్పుకున్నది కప్పుకున్నట్టే తెల్లారుతోంది. ఏసీ 26 దగ్గర స్థిరపడింది, ఇంట్లో ఆ పంచాయితీ తీరింది.

అయితే ఇందులో ఒక మెలిక ఉంది. తేమ పీల్చేటప్పుడు ఉన్ని కొంచెం వేడి వదులుతుంది. ఏసీలో అది తెలియదు, కరెంటు పోయిన రాత్రి తెలుస్తుంది. రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో ఇన్వర్టర్ మీద ఫ్యాను తిరుగుతుంటే ఈ రజాయిని కంటితో చూడటానికి కూడా మనసొప్పదు. ఏసీ లేని గదికి ఇది వద్దు, ఎవరెంత చెప్పినా వద్దు. "ఎండాకాలం చల్లగా, చలికాలం వెచ్చగా" అని అమ్మేవాళ్ళు రాసే మాట న్యూజిలాండ్ ఎండాకాలానికి సరిపోతుందేమో, 44 డిగ్రీల బెజవాడకి కాదు.

ఆరోగ్యం సంగతికొస్తే, పెట్టె మీద రాసినవన్నీ నమ్మక్కర్లేదు. సిడ్నీ విశ్వవిద్యాలయం వాళ్ళు 2019లో ప్రచురించిన పరిశీలన ఒకటుంది. 30 డిగ్రీల గదిలో, యాభై దాటినవాళ్ళ మీద చేశారు. ఉన్ని నైట్‌డ్రెస్ వేసుకుంటే, ముఖ్యంగా పెద్దవాళ్ళకి, నిద్ర త్వరగా పట్టిందని అందులో తేలింది. కానీ అది ఒంటి మీది బట్టల గురించి, రజాయి గురించి కాదు. పైగా డబ్బు ఇచ్చింది ఆస్ట్రేలియా ఉన్ని పరిశ్రమే. ఇక "డస్ట్ మైట్స్ (పరుపు దుమ్ములో ఉండే, కంటికి కనపడని పురుగులు) చేరవు" అన్నది మరీ పెద్ద మాట. వాటికి కావలసింది మన ఒంటి నుంచి రాలే పొట్టూ, గాల్లో తేమా. మనకి రెండిటికీ కొదవ లేదు. నిజంగా డస్ట్ అలర్జీ ఉన్నవాళ్ళకి నూలే మేలని నా ఉద్దేశం, ఎందుకంటే నూలు దుప్పటిని 60 డిగ్రీల వేడినీళ్ళలో ఉతికి ఆ పురుగుల్ని చంపొచ్చు. ఉన్నిని అలా ఉతికితే రజాయి మిగలదు.

మా అత్తయ్యగారు మాత్రం మోకాళ్ళ నొప్పి తగ్గిందంటారు. రాత్రంతా కాళ్ళకి ఏసీ గాలి సూటిగా తగలకపోవడమే కారణమనుకుంటాను, ఆవిడ దగ్గర ఆ మాట అనను. ఆవిడది అనంతపురం వైపు, గొంగళి ఎరిగిన మనిషి. మొదటిసారి దీన్ని నలిపి చూసి, "గొంగళంటే వాన పడినా లోపలికి దిగగూడదు నాయనా, ఇదేంది దూదిమూట లెక్కుండాదే" అన్నారు. అక్కడి గొంగళి దక్కనీ గొర్రెల ముతక ఉన్ని. గుంటమగ్గం మీద నేసి, చింతగింజల గంజి పట్టిస్తారు. ఒంటికి గుచ్చుకుంటుంది. మన కోస్తాలో మేపే నెల్లూరు జాతికైతే ఉన్నే ఉండదు, ఉండేది పొట్టి వెంట్రుక. రజాయిల్లో నింపేది మెరినో జాతి గొర్రెల ఉన్ని లాంటి సన్నరకం. పోగు మందం 30 మైక్రాన్లు (మైక్రానంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దాటితే దురద మొదలవుతుంది. ఉన్ని పడదనే చాలామందికి అసలు ఇబ్బంది ఈ ముతకదనంతోనే, నిజమైన ఉన్ని అలర్జీ అరుదు. పైన నూలు కవరు వేస్తాం కాబట్టి మాకు ఆ బాధా లేదు.

వాసన ఉంది. జూలై, ఆగస్టుల్లో ముసురు పట్టినప్పుడు గొర్రెలమంద పక్కన నిలబడ్డట్టే. ఉన్ని కొనుక్కుని ఉన్ని వాసనంటే గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరినట్టే గానీ, ముక్కు సున్నితమైనవాళ్ళు ఆలోచించుకోండి. ఒక పూట మేడ మీద దండెం మీద వేస్తే పోతుంది.

పురుగు గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. ఉన్నిలో ఉన్నది మన జుట్టులో ఉండే కెరటిన్ అనే ప్రొటీనే. చిమ్మెట పిల్లలకి అదే తిండి. వాడనప్పుడు చెమట వాసనతో మడిచి అటక మీద పడేస్తే అంతే సంగతులు. మాకు ఒక అంచున అగ్గిపుల్ల తలంత కంతలు పడ్డాయి. ఇప్పుడు ఎండబెట్టి, దులిపి, జిప్పు సంచిలో కట్టి పెడుతున్నాం. కలరా ఉండలు వేస్తే ఆ ఘాటు నెలలకీ వదలదు. పసిపిల్లలున్న ఇంట్లో అసలు వద్దు.

ఉతుకు ఇంకో తలనొప్పి. పరుపు మీద పరుచుకునే మా ఉన్ని టాపర్‌ని దగ్గర్లోని ఒక డ్రైక్లీనింగ్ షాపులో చెప్పి మరీ ఇచ్చినా వేడినీళ్ళ మెషీన్లో వేశారు. తిరిగొచ్చిన టాపర్ పరుపు కంటే జానెడు పొట్టిగా, ఒక మూల అట్టముక్కలా తయారైంది. ఉన్నిపోగు మీద సన్నని పొలుసులుంటాయి. వేడిలో గిరగిరా తిప్పితే అవి ఒకదాన్నొకటి పట్టేసుకుని ముద్ద కడతాయి, ఇక విడిపోవు. నష్టపరిహారమంటే నవ్వారు.

దోమల కాయిల్ వెలిగించే ఇళ్ళకి ఒక లాభముంది. ఓసారి నిప్పుతో ఉన్న ముక్క రజాయి అంచున పడింది. జుట్టు కాలిన కంపు, రూపాయి బిళ్ళంత నల్లమచ్చ, అక్కడితో ఆగింది. దూది పరుపైతే లోలోపల రాజుకునేది.

కొనేవాళ్ళకి: ఫుట్‌పాత్‌ల మీద ఉన్ని రగ్గులని అమ్మేవాటిలో చాలావరకు యాక్రిలిక్కో పాలిస్టరో. ఒక పోగు లాగి కాల్చండి. ఉన్నయితే జుట్టు వాసన వచ్చి బూడిద వేళ్ళ మధ్య పొడైపోతుంది, ప్లాస్టిక్ అయితే కరిగి గట్టి పూసలా మిగులుతుంది. మాది చదరపు మీటరుకు 300 గ్రాముల ఉన్ని ఉన్న డబుల్ సైజు, పదివేలు దాటింది. మళ్ళీ కొంటే 200 గ్రాములది, అదీ సింగిల్ సైజువి రెండు తీసుకుంటాను. పెద్దది మేడ మీదికి మోసుకెళ్ళి ఎండబెట్టాలంటే ఇద్దరు కావాలి.